బొమ్మకు కట్టిండే చీర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంగళ్ల ముందరి అద్దం ఎవరితో మాట్లాడుతోంది? ఏం మాటిస్తోంది?

“అన్నా, ఆ బొమ్మకు కట్టిండే చీర చూపీ.”

మదనపల్లెలో బట్టల అంగడి మెట్లెక్కిన ఆడమనిషి మొదట అనే మాట చాలాసార్లు ఇదే. రంగు పేరు చెప్పదు. నేత పేరు చెప్పదు. ఇంత ధరలో కావాలని అనదు. వెనక్కి తిరిగి, తాను దాటివచ్చిన అద్దం వైపు వేలు చూపిస్తుంది. ఊళ్లోని బెంగళూరు బస్టాండులో దిగి పోతూ ఆ చీరను ఒకసారి చూసి ఉంటుంది. పని ముగించుకుని వస్తూ ఆగి ఇంకోసారి చూసి ఉంటుంది. మూడోసారికి ధైర్యం చేసి లోపలికి వచ్చింది. గుమాస్తా నోరు తెరవకముందే సగం బేరం ఆమెకూ అద్దానికీ మధ్య అయిపోయింది.

అంగట్లో గల్లాపెట్టె యజమానిది. అరలూ బల్లలూ కొనడానికి వచ్చినవాళ్లవి. ముందరి అద్దం మాత్రం దారిన పోయేవాళ్లందరిదీ. కొనేవాళ్లు చూస్తారు, కొనలేనివాళ్లు చూస్తారు, బడి వదిలాక పిల్లలు ముక్కు ఆనించి చూస్తారు. షోకేసు గురించి మాట్లాడేటప్పుడు వ్యాపారులు కొనేవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. నేను మిగతావాళ్లను కూడా కలుపుకుని మాట్లాడాలనుకుంటున్నాను. ఎందుకంటే ఈ మూడు ఊళ్లలో అద్దం ముందు నిలబడేవాళ్లలో లోపలికి పోవడానికి జంకేవాళ్లే ఎక్కువ.

పరుపు అంగడి రోజులు

అద్దం రాకముందు బట్టల అంగడి ఎట్లుండేదో నడివయసు దాటినవాళ్లకు గుర్తుంటుంది. వరసగా పలకల తలుపులు. పొద్దున్నే ఒక్కో పలకా తీసి పక్కన పేర్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, సాంబ్రాణి పొగ పట్టి కూర్చునేవాళ్లు. లోపల నేలంతా పరుపు, దానిమీద తెల్ల దుప్పటి. గోడలకు చెక్క అరలు, అరల్లో మడతలూ తానులూ. వీధిలో నుంచి చూస్తే ఏ చీర ఎట్లుందో తెలిసేది కాదు. చూపించడమంటే చేత్తో చేసే పని. గుమాస్తా మడత అందుకుని ఒక కొస పట్టుకుని విసిరితే చీర గాలిలో తెరుచుకుని పరుపు మీద వాలేది. దానిమీద ఇంకొకటి, దానిమీద మరొకటి. పది నిమిషాల్లో గుట్ట.

ఆ విసురులో ఒక విద్య ఉంది. పైట కొంగు పైకి వచ్చేట్టు, అంచు కొనేమనిషి మోకాళ్ల దగ్గర ఆగేట్టు వెయ్యడం అందరికీ రాదు. ఇప్పటికీ పట్టుచీరల విభాగంలో పెద్దవయసు గుమాస్తాల చేతుల్లో అది కనిపిస్తుంది. చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

అయితే ఆ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండేది. చూడాలంటే చెప్పులు విడిచి గడప దాటి పరుపు మీద కూర్చోవాలి. కూర్చుంటే విప్పిస్తారు. అంత విప్పించాక కొనకుండా లేస్తే ఏమనుకుంటారోనన్న మొహమాటం. పైగా ఆ పరుపు మీద కూర్చునే హక్కు అందరికీ ఒకేలా ఉండిన కాలం కాదది. కులాన్ని బట్టి, కట్టుకున్న గుడ్డను బట్టి, కొందరు మెట్టు కిందే నిలబడి అడిగేవాళ్లు. వాళ్లకు చూపించే సరుకు వేరుగా ఉండేది. అద్దం వచ్చి ఆ గడపను పూర్తిగా తీసెయ్యలేదు గానీ, చూసే హక్కును వీధిలోకి తెచ్చింది. ఎవరినీ అడగకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, ఎంతసేపైనా చూడవచ్చు. పల్లె నుంచి వచ్చిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

అద్దం కథ మనదగ్గర మొదలైంది కాదు. యూరప్‌లో పెద్ద పలకల గాజు అందుబాటులోకి వచ్చాక, పందొమ్మిదో శతాబ్దంలో పారిస్, లండన్ వీధుల్లో అంగళ్ల ముఖాలు మారిపోయాయి. లండన్‌లో సెల్ఫ్రిడ్జ్ తన దుకాణాన్ని 1909 మార్చిలో తెరిచినప్పుడు, అంగడి మూసేశాక కూడా షోకేసుల్లో దీపాలు వెలిగించే ఉంచాడు. రాత్రి నడకకు వచ్చినవాళ్లు నిలబడి చూడాలని. అమెరికాలో ఈ పనికోసం ప్రత్యేకంగా 1897లో షికాగో నుంచి ‘ద షో విండో’ అనే మాసపత్రిక వచ్చింది. దాన్ని నడిపినాయన ఎల్. ఫ్రాంక్ బామ్. 1900లో షోకేసుల అలంకరణ మీద ఒక పుస్తకం వేశాడు. అదే ఏడాది ఆయన రాసిన ఇంకో పుస్తకం, పిల్లల కోసం రాసిన ‘ఓజ్ మాంత్రికుడు’, ప్రపంచమంతా పాకింది. అంగడి అద్దం వెనక ఏం పెడితే దారిన పోయే మనిషి ఆగుతాడని ఏళ్లతరబడి ఆలోచించిన మనిషే పిల్లలకు మాయలోకాన్ని కట్టి ఇవ్వడం నాకెప్పుడూ వింతగా అనిపించదు. రెండూ ఒకే చేతి పని. ఇక 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ, కరిగిన తగరం మీద గాజును తేల్చి తయారుచేసే పద్ధతిని ప్రకటించింది. వంకరలు లేని వెడల్పాటి అద్దం చౌకైంది. ఈరోజు కుప్పంలో బట్టల అంగడికి నిలువెత్తు అద్దం పెట్టించుకోగలుగుతున్నారంటే దాని వెనక ఆ తగరం తొట్టి ఉంది.

ఎండతో పోటీ

లండన్ పాఠం మదనపల్లెకు అట్లే పనికిరాదు. మనకు ఎండ ఉంది.

మిట్టమధ్యాహ్నం వీధిలో పడే వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. షోకేసులో ఎన్ని దీపాలు పెట్టినా ఒకటి రెండు వేల లక్సులు దాటడం కష్టం. మామూలు అద్దం తనమీద పడే వెలుతురులో నూటికి ఎనిమిది పాళ్లు వెనక్కి పంపుతుంది. ఎనిమిదే అనిపిస్తుంది గానీ, వీధి వెలుతురులో ఎనిమిది పాళ్లంటే లోపలి దీపాల వెలుతురును మింగేసేంత. అందుకే మధ్యాహ్నం అద్దం ముందు నిలబడితే చీర కనపడదు. మన ముఖం, వెనక పోయే ఆటో, ఎదురుగా ఉన్న మందుల అంగడి బోర్డు కనపడతాయి. అదే అద్దం సాయంత్రం ఆరున్నరకు మొత్తం తెరుచుకుంటుంది.

ఏ డిజైన్ పుస్తకమూ చదవకుండానే మన వ్యాపారులు దీనికి మందు కనిపెట్టారు. అద్దం పైన ముందుకు చొచ్చుకువచ్చేట్టు రేకులు దించుతారు, లేదా పచ్చ వల కడతారు. నీడ పడితే అద్దం తన పని తాను చేస్తుంది. కొందరు ఇంకో అడుగు వేశారు. పొద్దున్నే బొమ్మలను ఎత్తి తెచ్చి అద్దానికి ఇవతల, మెట్ల మీద నిలబెడతారు. పట్నంవాళ్లకు ఇది మోటుగా అనిపించవచ్చు. నా లెక్కలో ఇది మంచి తెలివి. మనవాళ్లు బట్టను కంటితో సగమే చూస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూస్తే గానీ నమ్మకం రాదు. మెట్టుమీది బొమ్మ చీరను పట్టుకుని చూడనిస్తుంది.

ఎండకు ఇంకో పని కూడా ఉంది. చీర ఇష్టపడ్డాక అంగట్లో నుంచి వాకిట్లోకి పట్టుకొచ్చి వెలుతురులో చూసుకోవడం మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో అలవాటు. “ఉండన్నా, ఎండలో ఒకసారి చూసుకుంటా” అంటే ఏ గుమాస్తా కాదనడు. ఇది అనుమానం కాదు, శాస్త్రం. దీపం వెలుతురులో లేని రంగును బట్ట తనంత తాను చూపించలేదు. నాసిరకం ఎల్‌ఈడీ కింద ఎరుపు చచ్చిపోతుంది, ముదురు నీలం నల్లగా తేలుతుంది. దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పడానికి సీఆర్ఐ అనే లెక్క ఉంది. దానికి గరిష్ఠం వంద, సూర్యుడి వెలుతురు ఆ వందకు ఉదాహరణ. దీపాల పెట్టె మీద ఆ అంకె తొంభై దాటిందో లేదో చూసి కొంటే పట్టుచీరల షోకేసు ముఖం మారిపోతుంది. బంగారు అంగళ్లవాళ్లకు ఇది బాగా తెలుసు. హారాల మీద పసుపుచాయ దీపం, వెండి మీదా వజ్రాల మీదా తెల్ల దీపం వేస్తారు. బంగారం ఆ పసుపు వెలుతురులో ఇంకాస్త పండినట్టు కనిపిస్తుంది.

ఎండ తెచ్చే నష్టమూ చెప్పాలి. పడమటి ముఖం అంగట్లో వారం పాటు ఒకే పట్టుచీర బొమ్మకు కట్టి వదిలేస్తే, వెలుతురు తగిలిన మడత పాలిపోతుంది. విప్పి చూస్తే చీర పొడుగునా లేతగీత. ఆ చీర తర్వాత తగ్గింపు గుట్టలోకి చేరుతుంది. రోజుమార్చి రోజు బొమ్మకు చీర మార్చే అంగడివాళ్లు ముచ్చటకు మార్చడం లేదు, సరుకును కాపాడుకుంటున్నారు.

నిండుగా పెట్టాలా, ఒకటే పెట్టాలా?

షోకేసు అలంకరణ నేర్పేవాళ్లు మొదట చెప్పే సూత్రం, తక్కువ పెట్టమని. మూడు బొమ్మలు చాలు, వాటి ఎత్తులు వేరువేరుగా ఉండాలి, నడుమ ఖాళీ ఉండాలి. చూడాల్సిన వస్తువు మనిషి కంటికి సమంగా రావాలి. వెనక తెర ఒకే రంగులో ఉండాలి. నడిచిపోయే మనిషి రెండు మూడు సెకన్లకు మించి చూడడు గనక ఒక్క మాటే చెప్పాలి.

సూత్రం మంచిదే. కానీ స్టీలు పాత్రల అంగడికి ఇది చెబితే ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. బిందెలు, గంగాళాలు, ఇడ్లీ కుండలు, టిఫిన్ క్యారియర్లు కొక్కేలకు తగిలించి, అంగడి ముఖమంతా మెరిసేట్టు వేలాడదీసే పద్ధతిలో ఒక అర్థముంది. పెళ్లి సామాను కొనడానికి వచ్చిన కుటుంబానికి కావాల్సింది భరోసా. ఇక్కడ అన్నీ దొరుకుతాయి, ఇంకో అంగడి తిరగక్కర్లేదు అన్న మాట. ఆ మాటను నిండుదనమే చెప్పగలదు. గాజుల అంగడీ అంతే. కడ్డీలకు వరసలుగా తొడిగిన గాజుల్లో నుంచి తన రంగును ఏరుకోవడమే అక్కడి ఆనందం. మూల బంకులో తోరణాల్లా వేలాడే షాంపూ పొట్లాల పేటలూ షోకేసే. కడలూరులో పుట్టిన ఆ పొట్లాం వ్యాపారం సీసా కొనలేని ఇంటికి షాంపూను చేర్చింది. చించి ఇచ్చేదాన్ని గుమ్మానికి తోరణంలా కట్టడం మన బంకువాళ్ల తెలివి.

పట్టు దగ్గర మాత్రం నిండుదనం దెబ్బతీస్తుందని నా అభిప్రాయం. ఎనిమిది బొమ్మలకు ఎనిమిది పట్టుచీరలు కట్టి భుజాలు రాసుకునేట్టు నిలబెడితే ఒక అంచు ఇంకో అంచును చంపేస్తుంది. వాటి ముందు తగ్గింపు కాగితాలు అంటించి, పైన పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీ కడితే ఇక ఏమీ మిగలదు. ఒక్క చీర పెట్టండి. పైట పూర్తిగా పరిచి పెట్టండి. కుచ్చిళ్లు లోపలి వైపు పిన్నులతో బిగించి, అంచు నేలకు తాకకుండా ఆపండి. రవిక గుడ్డ పక్కన మడిచి పెట్టండి, ఎందుకంటే ఏ ఆడమనిషైనా రెండో ప్రశ్నగా అడిగేది అదే.

ఇక బొమ్మల ఒంటి రంగు. ఈ సంగతి చాలా ఏళ్లుగా నన్ను బాధపెడుతోంది. ఫైబర్ బొమ్మల్లో ఎక్కువభాగం గులాబీతెలుపు, లేదా సున్నం తెలుపు. మదనపల్లె వీధిలో నడిచే ఆడపిల్లల్లో ఆ రంగు ఎంతమందికి ఉంది? చామనఛాయ మనిషి ఆ చీర తనకెట్లుంటుందో ఊహించుకోవాలంటే ముందు ఆ తెలుపును మనసులో తుడిచెయ్యాలి. ఇది న్యాయం సంగతి. వ్యాపారం సంగతి కూడా, ఎందుకంటే అరిటాకు పచ్చ, మిరపపండు ఎరుపు, పసుపు వంటి మన పట్టు రంగులు చామనఛాయ మీదే నిండుగా పలుకుతాయి. బొమ్మకు రంగు వేయించడం పెద్ద ఖర్చు కాదు.

సంత నేర్పిన చూపు

పుంగనూరులో సరుకు చూపించడం అద్దంతో మొదలవలేదు, సంతతో మొదలైంది. మూడడుగుల ఎత్తుకు అటూఇటూగా ఉండే పుంగనూరు ఆవు పేరు దేశమంతా తెలుసు. పశువుల సంతలో అమ్మేవాడు తన ఎద్దును ఎట్లా నిలబెడతాడో గమనిస్తే, ప్రదర్శన విద్య మూలాలు అక్కడే కనిపిస్తాయి. ఒళ్లు కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడలో కొత్త తాడు, గంటలు కడతాడు. ముందుకాళ్లు కాస్త ఎత్తైన చోట పెట్టిస్తే వెన్ను చక్కగా కనిపిస్తుంది. కొనేవాడు అదంతా చూస్తాడు, మెచ్చుకుంటాడు, తర్వాత దగ్గరికి పోయి నోరు తెరిచి పళ్లు చూస్తాడు. నడిపించి చూస్తాడు. చూపించేవాడి హక్కునూ పరీక్షించేవాడి హక్కునూ సంత సమానంగా గౌరవిస్తుంది. ఈ ప్రాంతం మనిషి అద్దం ముందు నిలబడినప్పుడు కూడా ఆ చూపుతోనే నిలబడతాడు.

జమీందారు కోటలో సుగుటూరు గంగమ్మ జాతర జరిగే రోజుల్లో పుంగనూరు వీధులన్నీ అంగళ్లే. నేల మీద పరిచిన టార్పాలిన్ పట్టా మీద గాజులు, బొమ్మలు, పూసలు. పట్టా కొస దగ్గర చౌకవి, అమ్మేమనిషి చేతికందేంత దూరంలో ఖరీదైనవి. వంగి చూసే పిల్ల చెయ్యి ముందు దేనిమీద పడుతుందో ఆ అమ్మేమనిషికి తెలుసు. రాత్రి పెట్రోమాక్సు పోయి బ్యాటరీ దీపం వచ్చింది, అంతే తేడా. అలంకరణ కోర్సుల్లో గంటలతరబడి చెప్పే పాఠమంతా ఆ పట్టా మీద ఉంది.

మూడు భాషల అద్దం

కుప్పం సంగతి వేరు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం పెట్టడానికి ఈ ఊరినే ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఇక్కడి అంగడివాడు పొద్దున బోణీ తెలుగులో చేసి, మధ్యాహ్నం తమిళంలో బేరమాడి, సాయంత్రం కన్నడంలో చిల్లర ఇవ్వగలడు. పేరు బోర్డు మీద తెలుగు ఉండాలని దుకాణాల నిబంధనలు చెబుతాయి. అద్దం వెనక మాత్రం ఏ భాషా అక్కర్లేదు. మూడు వైపుల నుంచీ వచ్చే మనిషి చదివేది చీరను, ధర అంకెను.

ఈ కలయిక తగ్గింపుల కాలంలో బాగా తెలుస్తుంది. మనకు ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. కొత్తకోడలు పుట్టింటికి పోతుంది, బట్టల అంగడి ఖాళీ. తమిళులకు ఆడి మాసం అటువంటిదే. అయితే మన ఆషాఢం చాంద్రమానం, వాళ్ల ఆడి సౌరమానం, జులై నడుమ మొదలై ఆగస్టు నడుమ దాకా పోతుంది. రెండు లెక్కలూ నడిచే ఊళ్లో తగ్గింపు కాలం కూడా సాగుతుంది. అది దాటీ దాటకముందే శ్రావణం వస్తుంది, వరలక్ష్మీ వ్రతం వస్తుంది. పాత సరుకు ఖాళీచేసే కాగితాలు చింపేసి, అద్దం తుడిచి, కలశం ముందు కూర్చునే ముత్తయిదువు కట్టుకోదగిన చీరను పెట్టడానికి వ్యాపారికి కొద్ది రోజులే దొరుకుతాయి. ఏడాదిలో షోకేసు అలంకరణకు అసలు పరీక్ష ఆ కొద్ది రోజులే.

రైలెక్కితే బెంగళూరు. అక్కడి చిక్కపేట అంగళ్లతో కుప్పం అద్దం రోజూ పోటీపడాల్సిందే. పెళ్లి బట్టలకు బెంగళూరు పోదామనుకునే కుటుంబాన్ని ఊళ్లోనే ఆపగలిగేది ఒక్కటే, ఇక్కడి అద్దంలో చూసింది ఇక్కడే, చెప్పిన ధరకే దొరుకుతుందన్న నమ్మకం.

అద్దం ఇచ్చే మాట

ఒకసారి ఈ మూడు ఊళ్లలో ఒకచోట, మా ఇంట్లో పెళ్లికి బట్టలు కొనబోయాం. బొమ్మకున్న చీర మా అమ్మకు నచ్చింది. చూపించమంటే, “అది ఒకటే పీసమ్మా, బొమ్మకు కట్టేసినాం, విప్పకూడదు, అట్టాంటిదే లోపల ఉంది చూడండి” అన్నారు. లోపలున్నది అట్టాంటిది కాదు, దాదాపు రెట్టింపు ధరది. అమ్మ ఇంకేమీ అడగలేదు. కొనకుండా లేచి వచ్చేసింది. బస్సులో వస్తూ, “మరి ఎందుకు పెట్టినట్టు?” అంది. ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

న్యాయశాస్త్రంలో దీనికి ఒక పాత జవాబుంది. 1959లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక అంగడివాడు మీట నొక్కితే తెరుచుకునే కత్తిని ధర చీటీతో షోకేసులో పెట్టాడు. అటువంటి కత్తిని అమ్మజూపడం నేరమని చట్టం. మరుసటి ఏడు కోర్టు ఏమందంటే, షోకేసులో పెట్టడం అమ్మజూపడం కిందికి రాదు, వచ్చి బేరమడగండని పిలవడం మాత్రమే అని. అంగడివాడు బయటపడ్డాడు. ఒప్పందాల చట్టం చదివే విద్యార్థులందరికీ ఈ ఫిషర్, బెల్ కేసు కంఠతా వస్తుంది.

చట్టం అక్కడితో ఆగలేదు. మనదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఫలానా ధరకు అమ్మే ఉద్దేశమే లేకుండా తక్కువ ధర ప్రకటించి పిలవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడవచ్చు. బంగారం అంగట్లో ఇంకో హక్కుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని చూసుకోవడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం అంగట్లో ఉంచాలి. ముందరి అద్దం అంగడివాడు చూపాలనుకున్నది చూపుతుంది, భూతద్దం మనం చూడాలనుకున్నది చూపుతుంది. అడిగి తీసుకోండి.

మదనపల్లె టమోటా మార్కెట్టులో వ్యాపారి క్రేటు పై వరుసను చూసి వేలంపాట పాడడు. చెయ్యి లోపలికి పెట్టి కింది కాయను తీస్తాడు. పై వరుస షోకేసని అందరికీ తెలుసు. అయినా పైనా కిందా ఒకే రకం కాయ పోసే రైతు ఎవరో మండీలో నాలుగు సీజన్లకు తెలిసిపోతుంది. ఆయన క్రేటు వస్తే చెయ్యి పెట్టడం మానేస్తారు. బట్టల అంగడి అద్దానికి కూడా ఆ పేరు సంపాదించుకునే వీలుంది. ధర చీటీ చూసే మనిషి వైపు తిరిగి ఉండాలి. బొమ్మకు కట్టిన చీర అడిగితే విప్పి ఇవ్వాలి. అయిపోయిన చీరను అదే రోజు అద్దంలో నుంచి తీసెయ్యాలి. ధర రాస్తే పక్క అంగడివాడికి తెలిసిపోతుందని యజమానులు భయపడతారు. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ ధర లేని అద్దం ముందు నిలబడిన పేదమనిషి ప్రతిసారీ ఒకటే అనుకుంటుంది, ఇది నాది కాదని. వెళ్లిపోతుంది. ఆమె జేబులో ఆ డబ్బు ఉండి కూడా.

అద్దంలో లేని చీర

బయటివాళ్లకు మదనపల్లె అంటే టమోటాలు. లేదంటే 1919లో రవీంద్రుడు బస చేసి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన బీటీ కాలేజీ. ఈ ఊరికి ఇంకో పేరుంది, పట్టు. ఊరికి ఆనుకునే ఉన్న నీరుగట్టువారిపల్లెలో అడుగుపెడితే మగ్గం చప్పుడు వినపడుతుంది. చుట్టుపక్కల మండలాల్లో మల్బరీ తోటలు. పుంగనూరు, కుప్పం రైతులు పట్టుగూళ్లను రామనగర, శిడ్లఘట్ట దాకా మోసుకుపోతారు. ఆకు ఇక్కడిది, పురుగు ఇక్కడిది, నేత ఇక్కడిది. అయితే మదనపల్లె పెద్ద అంగళ్ల అద్దాల్లో పెద్ద అక్షరాలతో కనిపించే పేర్లు కంచి, ధర్మవరం, బనారస్. నీరుగట్టువారిపల్లె చీర ఊరి పేరు లేకుండా లోపలి అరల్లో ఉంటుంది, లేదా ఇంకో ఊరి పేరు పెట్టుకుని అమ్ముడవుతుంది.

కారణం లేకపోలేదు. కొనేవాళ్లు అడిగే పేరునే వ్యాపారి పెడతాడు. పేరు లేని చీరను అద్దంలో పెడితే ఎవరు ఆగుతారని ఆయన అనుమానం. కానీ పేర్లు పుట్టిందెట్లా? ఎవరో ఒకరు ముందు పెట్టారు, రాశారు, చెప్పారు. పరాయి ఊళ్ల పేర్లు మోసే అద్దానికి ఇంటి పక్క పేరు మోయలేనంత బరువేం కాదు. మరమగ్గం మీద నేసింది చేనేత పేరుతో అమ్ముడుపోతున్న బాధ నేతగాళ్లకు ఉంది. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది, చీర అందులో ఉంది. 2004 నుంచి సిల్క్ మార్కు, 2006 నుంచి చేనేత మార్కు ఉన్నాయి. ఆ రెండు చీటీలూ బొమ్మ చేతికి కట్టి, వీధి వైపు తిప్పి పెట్టడానికి ఎంతసేపు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వ్యాపారులకు నా విన్నపం ఇది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. శ్రావణ మాసపు అమ్మకాలకు అద్దాలు సర్దే రోజులు కూడా అవే. ఈసారి ఒక్క వారం, మీ అద్దంలో అన్నిటికన్నా మంచి చోటు నీరుగట్టువారిపల్లె చీరకు ఇవ్వండి. చామనఛాయ బొమ్మకు కట్టండి. ఊరి పేరు తెలుగులో, కుప్పంలోనైతే తమిళంలోనూ కన్నడంలోనూ, రాయండి. నేసిన మనిషి ఒప్పుకుంటే ఆ పేరూ రాయండి. ధర రాయండి. అంగడి మూసేశాక ఇంకో గంట దీపం వెలగనివ్వండి, ఆఖరి బస్సుకు పోయేవాళ్లు చూస్తారు.

కొనేవాళ్లకు ఒక మాట. ఆ వారం అద్దం ముందు ఆగండి. నచ్చితే లోపలికి పోయి ఆ బొమ్మకు కట్టిండే చీరే అడగండి, ఎండలోకి తెచ్చుకుని చూడండి.